తోక వేసుకుంటే తప్పేమిటి?

పోయినేడు వార్షికోత్సవం నాడు భోజనాల దగ్గర మన హాస్టల్ పూర్వ విద్యార్థిని ఒకామె మమ్మల్ని పక్కకు పిలిచింది. ఆమె ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది. మాలో ఇద్దరికి డిగ్రీ దరఖాస్తులు నింపిపెట్టింది కూడా ఆమే. "మీరు జాతరల చేప వేషం వేసిండ్రంట గదా, నిజమేనా చెల్లె? పీజీ చదివేటోళ్ళు గట్ల చేస్తరా? ఇందుకేనా మనం చదువుకున్నది?" అని అడిగింది. మేము "నిజమే అక్కా" అని మాత్రం అన్నాం. అన్నం కలుపుకుంటూ తల వంచుకున్నాం. అక్క కోపంతో అనలేదు, బాధతో అన్నది. అందుకే ఆ మాట మమ్మల్ని ఏడాది పొడుగునా వదల్లేదు. ఈ సంచికకు ఏదైనా వ్యాసం ఇవ్వమని కమిటీ వారు అడిగినప్పుడు, ఆనాడు నోట రాని జవాబునే రాద్దామనుకున్నాం.

మేము అంటే నలుగురం. ముగ్గురం పీజీ, ఒకామె డిగ్రీ చివరి సంవత్సరం. ఎవరికీ ఇరవై మూడు దాటలేదు. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మేమే. మా అమ్మానాన్నలు కూలికి పోతారు, ఒకరి నాన్న డప్పు కొడతాడు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నామో ముందుకు పోతే తెలుస్తుంది.

మత్స్యకన్య మాకు మొదట కనబడింది సినిమాలోనే. 1996లో వచ్చిన "సాహసవీరుడు సాగరకన్య" సినిమాను హాస్టల్ టీవీలో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. నిజంగా దగ్గరి నుంచి చూసింది మాత్రం రెండేళ్ళ కింద, ఎండాకాలం సెలవుల్లో. పట్నంలో పెట్టిన ఒక ఎగ్జిబిషన్‌లో టికెట్లు చింపే పనికి పోయాం, రోజుకు నాలుగు వందలు. జెయింట్ వీలు, మరణబావి, మిర్చి బజ్జీల బండ్లు, వాటి మధ్యలో పెద్ద గాజు తొట్టి. అందులో తోక వేసుకొని ఒక అమ్మాయి ఈదుతుంది. జనం విరగబడి చూస్తారు. ఆమె చెయ్యి ఊపితే పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చెయ్యి ఊపుతారు.

మేము ఆ తొట్టి వెనక వైపు కూడా చూశాం. వేరే రాష్ట్రం పిల్ల. మందు కలిపిన నీళ్ళకు కండ్లు ఎర్రగా అయ్యేవి. రెండు ఆటల మధ్య తువ్వాల కప్పుకొని వణుకుతూ చాయ తాగేది. మాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో మాట్లాడితే, నీళ్ళలో ఊపిరి బిగబట్టడం కంటే నవ్వడం కష్టమని చెప్పింది. కండ్లు తెరిచి, ముక్కులోకి నీళ్ళు పోకుండా, మొహంలో కష్టం కనబడకుండా నవ్వాలంట. ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. ఆట నడిపే మనిషి మా దగ్గరికి వచ్చి, "మీలో సన్నగున్న పిల్ల ఎవలన్న దిగుతరా? ఈత రాకున్నా ఏం కాదు, రెండు దినాలల్ల నేర్పిస్తం" అన్నాడు. ఈత రాని మనిషి రెండు కాళ్ళూ కట్టేసుకొని ఆరడుగుల నీళ్ళలోకి దిగడం! మేము వద్దన్నాం. వద్దని అన్నందుకు ఏ కోపమూ చేయలేదు, ఇంకొకరిని వెతుక్కున్నాడు. అదే ఇంకా భయమనిపించింది.

కానీ ఆ రాత్రి ఇంటికి పోతూ ఆటోలో మాట్లాడుకున్న మాట ఒకటే. నీళ్ళు లేకుండా మత్స్యకన్య ఉండకూడదా?

ఉండవచ్చని తరువాత చదివితే తెలిసింది. అమెరికాలో, యూరప్‌లో ఊరి సంతల్లో చాలామంది నేల మీదనే ఈ వేషం వేస్తారు. రాయి మీదనో, గవ్వ ఆకారం చేసిన కుర్చీలోనో కూర్చుంటారు. తోక వేసుకున్నాక నడవలేరు కనుక ఎత్తుకొని పోవడానికి, నీళ్ళు అందించడానికి, పోకిరీలను ఆపడానికి వెంట ఒక మనిషి తప్పకుండా ఉంటుంది. పేరున్న వాళ్ళ సిలికాన్ తోకలు వేల డాలర్లు పలుకుతాయి, చాలా బరువు కూడా. బీదవాళ్ళు గుడ్డతో కుట్టుకుంటారు. మనం ఆ రెండో జాతి.

మా ఖర్చు రాస్తున్నాం, ఎవరికైనా పనికొస్తుంది. సాగే లైక్రా గుడ్డ నాలుగు మీటర్లు, 720 రూపాయలు. స్ప్రే రంగు డబ్బాలు మూడు, 660. తళుకులు, గ్లూ పుల్లలు 240. జిప్పు, దారం 90. పరుపు బండివాని దగ్గర ఫోమ్ ముక్కలు 150. సవరం కిరాయి 300. థర్మోకోల్, గోనె, సున్నంతో రాయి చేయడానికి 350. రంగు బల్బుల దండలు రెండు, 250. ఆటోలకు 800, జాతరలో జాగాకు 300. మొత్తం 3,860. మిషన్ మాలో ఒకరి అమ్మది. తోక చివరి రెక్కకు మాత్రం పైసా పెట్టలేదు. ఎన్నికలైపోయినాక కరెంటు స్తంభాలకు వేలాడుతున్న ఫ్లెక్సీ ఒకటి తెచ్చి, రెండు మడతలు వేసి, మధ్యలో పాత డ్రమ్ము ప్లాస్టిక్ కత్తిరించి పెట్టి కుట్టాం. మా మత్స్యకన్య రెక్క లోపల ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతూ ఉంటాడు, బయటికి కనబడడు.

పొలుసులు వేయడం పెద్ద విద్య అనుకున్నాం. ఉల్లిగడ్డల జాలి సంచి విప్పి గుడ్డ మీద బిగుతుగా పరిచి, పైనుంచి రంగు కొట్టి, సంచి తీసేస్తే పొలుసులే పొలుసులు. కింద ముదురు ఆకుపచ్చ కొట్టి, పైన వెండి రంగు పలుచగా కొడితే దూరం నుంచి నిజం చేపలాగే మెరుస్తుంది. కష్టమంతా మోకాళ్ళ దగ్గర. కూర్చుంటే మోకాళ్ళు పొడుచుకొని మనిషి కాళ్ళని తెలిసిపోతాయి. అక్కడ, పిక్కల కింద ఫోమ్ నింపి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే ఒకటే వంపుగా వస్తుంది. పైన నిండు చేతుల నీలం బ్లౌజు, మెడ దాకా. సినిమాలో లాగా వేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, మేము వినలేదు. మా వేషం మా ఇష్టం.

మాఘమాసంలో మా మండలంలో మూడు రోజుల జాతర. డేరా మూల ఒకటి దొరికింది. చూడడానికి పది రూపాయలు, ఫోటోకు ఇరవై. ముందు ఆరడుగుల దూరంలో తాడు కట్టాం. ఒకరు రాయి మీద, ఒకరు తాడు దగ్గర మెడలో ఈల వేసుకొని, ఒకరు టికెట్ల దగ్గర, ఒకరు విశ్రాంతి. నలభై నిమిషాలకొకసారి తెర వేసి మనిషి మారుతుంది.

అందరికంటే ముందుగా వచ్చేది పిల్లలే. "అక్కా, నువ్వేం తింటవ్?" "స్నానం జేస్తవా?" "నీకు బడి ఉన్నదా?" చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లగాడొకడు మాత్రం చాలాసేపు తోకను పరీక్షగా చూసి, "నువ్వు రవ్వవా, బొచ్చెవా?" అని అడిగాడు. రాయి మీదున్న మా పిల్ల తడుముకోకుండా "కొర్రమట్టను" అంది. వాడు తల అడ్డంగా ఊపాడు. "కొర్రమట్టకు గంత పెద్ద పొలుసులుండయి" అని తేల్చేసి పోయాడు. మూడు రోజుల్లో మా వేషంలో తప్పు పట్టుకున్న మనిషి వాడొక్కడే.

అన్నీ సరదాగా జరిగాయని చెప్పం. రెండో రోజు మధ్యాహ్నం మాలో ఒకామె రాయి మీదనే సోయి తప్పింది. కారణం చెప్పడానికి సిగ్గు పడితే ఈ వ్యాసం రాసి లాభం లేదు. తోక విప్పితే గాని ఒంటికి పోవడానికి లేదు, జాతరలో ఆడవాళ్ళకు మరుగు లేదు, అందుకని ఆమె పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. తప్పు మాదే. మరునాటి నుంచి పక్కనున్న ఒక ఇంటివారిని బతిమాలుకొని, ప్రతి మార్పుకు అక్కడికి పోయి రావాలని, రెండు గ్లాసులు నీళ్ళు మా ముందే తాగాలని పెట్టుకున్నాం. అదే సాయంత్రం తాగి వచ్చిన ఒకడు తాడు దాటి తోక పట్టి లాగాడు. ఈల ఊదాం. మాకంటే ముందు పక్కన పేలాలు అమ్ముకునే ముసలవ్వ కట్టె పట్టుకొని లేచింది. "నీ ఇంట్ల ఆడిపిల్లలు లేరా" అని జాతరంతా వినబడేటట్టు తిట్టింది. వాడు పోయాడు. అవ్వ ఆ తరువాత మా దగ్గర పైసలిచ్చి మత్స్యకన్యను చూసింది, ఊరికే చూడమంటే ఒప్పుకోలేదు.

మొదటి రోజు ఇంకొక సంగతి కూడా జరిగింది. తెల్ల అంగీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన టికెట్ దగ్గర నిలబడి, "ఎవలోళ్ళు మీరు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అర్థం మనందరికీ తెలుసు. "హాస్టల్ పిల్లలం" అన్నాం. ఆయనకు సరిపోయింది. పది రూపాయలు బల్ల మీద పెట్టాడు, చేతికివ్వలేదు. లోపలికి రాకుండా కాసేపు నిలబడి పోయాడు. ఆ పది రూపాయలు కూడా లెక్కలో ఉన్నాయి.

ఒకామె మాత్రం లోపలికి వచ్చి చేతులు జోడించింది. కొంగున ముడేసిన పసుపు కుంకుమ తీసి రాయి మీద పెట్టి, బిడ్డకు కొడుకు పుట్టాలని మొక్కుకున్నది. మాకు ఏం చేయాలో తోచలేదు. చరిత్రలో ఇటువంటి మోసాలు పెద్ద వ్యాపారాలే. 1842లో న్యూయార్క్‌లో బార్నమ్ అనేవాడు కోతి మొండేనికి చేప తోక కుట్టిన దాన్ని పెట్టి, ఫీజీ మత్స్యకన్య అని జనాన్ని నమ్మించి డబ్బు చేసుకున్నాడు. మన జాతరల్లో మనిషి తల, పాము ఒళ్ళు చూపించే నాగకన్యల డేరాల వెనకా ఇటువంటి ఉపాయాలే. వాటిలో ఒకటి అద్దాల బల్ల. బల్ల కాళ్ళ మధ్య రెండు అద్దాలు ఏటవాలుగా బిగిస్తారు. అవి పక్క తెరను చూపిస్తుంటే మనం వెనక తెరను చూస్తున్నామనుకుంటాం, బల్ల కింద ఖాళీ అనుకుంటాం. మనిషి ఆ అద్దాల వెనకనే కూర్చొని ఉంటుంది. 1865లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్‌లో మాట్లాడే తలకాయను చూపించింది ఈ కిటుకుతోనే. బీఎస్సీ చదివి, కాంతి పరావర్తనం పరీక్షలో రాసి వచ్చిన మేము, ఒక తల్లి మొక్కుబడిని పది రూపాయలకు అమ్ముకోవచ్చా? ఆ రాత్రి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టాం: "ఇది వేషం. తోక మేమే కుట్టినం." చదువు రానివాళ్ళ కోసం ప్రతి ఆట చివర జిప్పు తీసి కాళ్ళు చూపించాం. గిరాకీ పోతుందని మాలో ఇద్దరు వాదించారు. కాళ్ళు బయటికి వచ్చి వేళ్ళు ఆడించగానే పిల్లలు కొట్టే చప్పట్లు, మొదట తోకను చూసి కొట్టిన వాటికంటే ఎక్కువగా ఉండేవి. మూడో రోజు వసూలే అన్నింటికంటే ఎక్కువ.

ఇక అక్క అడిగిన ప్రశ్న.

అక్కా, మీ భయం మాకు తెలుసు. అదే భయంతో మాలో ఒకరి అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. జాతర, మన కులపు ఆడపిల్ల, ఆట. ఈ మూడూ కలిసిన చోట మనవాళ్ళకు ఏం జరిగిందో పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. ఆమె మేనత్తను చిన్నతనంలో జోగినిగా విడిచారు. ఊరి జాతరలో ముందు నడిచి ఆడడం ఆమె పని, ఆ తరువాత ఊరి పెద్దలందరికీ ఆమె సొత్తు. 1988లో చట్టం వచ్చింది, జోగినిగా విడవడం నేరమైంది. అంతకుముందు నుంచే జాషువా గారి కుమార్తె హేమలతా లవణం నిజామాబాద్ జిల్లా పల్లెల్లో తిరిగి ఎందరినో ఆ ఊబి నుంచి బయటికి తెచ్చింది. ఇంత జరిగిన తరువాత, చదువుకున్న బిడ్డ మళ్ళీ పోయి జాతరలో వేషం వేసిందంటే తల్లి కడుపు మండదా? మండుతుంది. మేము ఆ తల్లిని తప్పు పట్టం.

మూడో రోజు ఆమె జాతరకు వచ్చింది. చెప్పకుండా వచ్చి, టికెట్ కొని, లోపల ఒక మూల నిలబడి చూసింది. ఆట అయినాక డేరా వెనక్కి వచ్చి అడిగిన మొదటి మాట, "పైసలు ఎవలి దగ్గరున్నయి?" డబ్బా చూపించాం. "ఎన్నింటికి బంద్ జేస్తరు?" చీకటి పడ్డాక ఆట లేదని చెప్పాం. "ఎవలన్న ఆడుమంటే?" మేము ఆడం అన్నాం. ఆమె కాసేపు తోకను చేత్తో తడిమి చూసి, జిప్పు దగ్గర కుట్టు వదులైందని, సూదీ దారం తెమ్మన్నది.

ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకంటే మంచి ప్రశ్నలు మాకు దొరకలేదు. తప్పు వేషంలో లేదు. డబ్బు డబ్బా ఎవరి చేతిలో ఉంది, వేళ ఎవరు పెట్టారు, వద్దంటే వదిలేస్తారా లేదా, ఇదంతా చూడకుండా "చేప వేషం వేసిండ్రంట" అని చెవులు కొరుక్కోవడమే తప్పు. అమెరికాలో ఫ్లోరిడాలో వీకీ వాచీ అనే నీటి ఊట దగ్గర 1947 నుంచి మత్స్యకన్యల ఆట ఉంది. న్యూటన్ పెర్రీ అనే ఈతగాడు మొదలుపెట్టాడు, నీళ్ళలో రబ్బరు గొట్టంతో గాలి పీల్చుకుంటూ ఆడతారు. ఎంతో పేరున్న ఆట. మొదట్లో ఆ అమ్మాయిలకు జీతం లేదు, భోజనం, ఈత బట్టలు ఇచ్చేవాళ్ళు, అంతే. అంత గొప్ప చోటనే కూలి లేకుండా ఆడారంటే, మా ఊరి జాతరలో సాయంత్రానికి డబ్బా విప్పి నాలుగు భాగాలు వేసుకున్న మేము తలవంచుకోవలసిన పనేముంది?

వేషం తక్కువ పని అనే మాట కూడా మాకు నచ్చదు. వేషం ఎవరు వేశారన్న దాన్ని బట్టి మాట మారుతుంది గనుక. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలు తీగలతో మనుషులను గాలిలో తేలించి, తెర మీద వానలు కురిపిస్తే కళ అన్నాం. అది కళే. 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ జీవితమంతా గజ్జె కట్టి ఊరూరా భాగవతం ఆడింది. ఆమెను సన్మానించిన శాలువాలు పెద్దవే, కానీ ఆమె కులపు పిల్ల బడికి పోతే తోటి పిల్లలు ఏమని పిలుస్తారో ఈ హాస్టల్లో చదువుకున్న మనకు ఒకరు చెప్పాలా? జాషువా గారు సైతం 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన కథా, మాటలూ చదివి పొట్ట పోసుకున్నారు. అప్పుడు ఎవరైనా "ఇందుకేనా చదువుకున్నది" అని ఆయనను అడిగే ఉంటారు.

నిజానికి చదువు లేకపోతే ఈ వేషం మేము ఇట్లా వేయలేకపోయేవాళ్ళం. గాజు తొట్టిలోకి దిగమన్నప్పుడు వద్దనేవాళ్ళమా? సందేహమే. లెక్క రాసుకునేవాళ్ళమా? కుంకుమ పెట్టిన తల్లికి జిప్పు తీసి కాళ్ళు చూపేవాళ్ళమా?

అయితే మేము చిన్న చెల్లెళ్ళను చదువు మానుకొని జాతరలకు పొమ్మని చెప్పడం లేదు. డబ్బు ఎంత వచ్చిందో వింటే ఆ ఆశ ఎవరికీ కలగదు. మూడు రోజుల వసూలు 14,200. ఖర్చు 3,860 పోగా మిగిలింది 10,340. ఒక్కొక్కరికి 2,585 రూపాయలు. రావలసిన స్కాలర్‌షిప్ ఆలస్యమైన ఆ నెలలో పరీక్ష ఫీజు కట్టుకున్నాం, మిగిలిన దాంతో ఒకామె కండ్లద్దాలు మార్పించుకుంది. మూడు రోజులు కాళ్ళు తిమ్మిరెక్కి కూర్చున్నందుకు అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ డబ్బు కోసం ఎవరి సంతకమూ అవసరం పడలేదు. సంక్షేమం మీద బతికిన పిల్లలకు ఆ సంగతి ఎంత కొత్తగా ఉంటుందో చదివేవాళ్ళు ఊహించుకోగలరు.

కమిటీ వారికి ఒక మనవి. పోయినేడు వార్షికోత్సవంలో సాంస్కృతిక కార్యక్రమానికి బయటి నుంచి డ్యాన్సు ట్రూపును పిలిపించారు. ఈసారి ఆ డబ్బులో సగం ఇస్తే మన పిల్లలే వేషాలు కడతారు. మత్స్యకన్య ఒక్కటే కాదు, అద్దాల బల్ల కూడా చేయవచ్చు, దాని కొలతలు మా దగ్గర ఉన్నాయి. ఆట అయినాక ఎట్లా చేశారో ఏడో తరగతి పిల్లలకు విప్పి చూపించాలి, అది మా షరతు. అక్కను కూడా ముందు వరుసలో కూర్చోబెట్టాలని మా కోరిక. టికెట్ మాత్రం కొనాలి.

తోక ఇప్పుడు పెద్ద పిల్లల గదిలో, కిటికీ కింది రేకు పెట్టెలో ఉంది. తాళంచెవి వంట అక్క దగ్గర ఉంటుంది. చన్నీళ్ళలోనే పిండాలి, ఎండలో ఆరేస్తే వెండి రంగు రాలిపోతుంది. ఎడమ రెక్క కుట్టు మళ్ళీ వదిలింది, ఫ్లెక్సీలోని నాయకుని చెయ్యి కొద్దిగా బయటికి కనబడుతోంది. తీసుకునేవాళ్ళు ముందు అది కుట్టుకోవాలి.